అక్క మల్లెలకు ఎండ

ఏ ఇంటాయనకైనా తన పెరట్లో పొద్దున ఎండ ఎక్కడ పడుతుందో, మధ్యాహ్నానికి ఎటు జరుగుతుందో తెలిసి ఉండాలి. నాకు తెలిసేది కాదు. అమలాపురం శివార్లలో నేనే దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు ఇది. చాలా ఏళ్ళుగా ఇందులోనే ఉంటున్నాను. ఎండ లోపలికి రాకుండా చూసుకోవడం తప్ప దాని సంగతి ఇంకేమీ పట్టించుకోలేదు. దానివల్ల ఎన్నో మొక్కలు పోయాయి. మొక్కలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. నేను రాయాలనుకున్నది మా అక్క గురించి.

కారణం చెబితే సాకులా ఉంటుంది. చెప్పకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. నా వయసంతా మస్కట్ దగ్గర పైపులైను పనిలో గడిచింది. మొదట హెల్పరుగా, తర్వాత ఫోర్‌మన్‌గా. అక్కడ నీడంటే నీళ్ళ ట్యాంకరు పక్కన నేల మీద పడే సన్నటి చార. భోజనాల వేళ ఆ చారలో ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్ళం. అది జరిగితే టిఫిను డబ్బాలు పట్టుకుని మేమూ జరిగేవాళ్ళం. ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది పెళ్ళాం కాదు, కొబ్బరితోట. ఈ మాట నా భార్యకు ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగొచ్చాక తోట కొట్టేసి వేసిన ప్లాట్లలో ఒకటి కొన్నాను. హద్దు వెంబడి ఉన్న కొబ్బరిచెట్లను ఉంచేశాను. అది చాలలేదు. తూర్పున వాకిట్లో రేకులు వేయించాను. తర్వాత దక్షిణం పక్క కారు కోసం. ఆ తర్వాత పడమర వైపు పెరట్లో, మధ్యాహ్నం వెనక వరండాలో పడక్కుర్చీ వేసుకుని నిద్రపోతాను కాబట్టి. రేకులు వేసే మేస్త్రీ నన్ను చూస్తే నవ్వేవాడు.

నా భార్య మాత్రం నవ్వేది కాదు. "ఒడియాలు పెట్టుకోవాలంటే పక్కింటి డాబా ఎక్కాల్సొస్తందండి," అనేది. "బట్టలు ఆరతన్నాయా లేదా అని చేత్తో కాదు, ముక్కుతో చూసుకుంటన్నాను. మా పుట్టింట్లో కొబ్బరి కొట్టు కూడా ఇంత చీకటిగా ఉండదండి."

నర్సరీకి వెళ్ళినప్పుడల్లా రంగు చూసి మొక్కలు తెచ్చేవాణ్ణి. ఎర్రచారల క్రోటన్లు తెస్తే నెలలు తిరిగేసరికి పచ్చగా వెలిసిపోయేవి. గులాబీలు కొమ్మలు సాగి, ఆకులకు బూజు పట్టి పోయేవి. నేను ఎరువుని తప్పు పట్టాను, బోరు నీళ్ళని తప్పు పట్టాను. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి నీడంటే కొబ్బరి నీడే. దాని కింద అరటి పెరుగుతుంది, కోకో కాస్తుంది, కంద ఊరుతుంది, పోకచెట్టు పట్టుకుని తమలపాకు పైకి పాకుతుంది. నీడలో ఏదైనా బతుకుతుందని చిన్నప్పటినుంచి కళ్ళతో చూసినవాళ్ళం. కొబ్బరి నీడ చిల్లుల నీడ. మట్టల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగి, గాలికి కదిలి, పొద్దు పోయేలోపు ప్రతి ఆకుకీ ఏదో ఒక వేళ కాస్త అందుతుంది. రేకు నీడలో అలా ఏదీ దిగదు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ మంచాన పడ్డప్పుడు నన్ను ఎత్తుకు తిరిగింది తనే. కొత్తపేట వైపు గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకకు కోడలిగా వెళ్ళింది. లంక నేల ఇసుక నేల. అక్కడ కొబ్బరి తక్కువ, ఎండ ఎక్కువ. బావ, అక్క మల్లె, కనకాంబరం, లిల్లీ వేసేవాళ్ళు. తెల్లవారకుండా మొగ్గలు కోసి, మొదటి పడవకి రేవు దాటించేవాళ్ళు. పిల్లలు లేరు. బావ పోయాక కూడా అక్క ఆ నేల చెక్క వదల్లేదు. మాలలు కట్టడంలో తన చేతికి సాటి లేదని రేవులో పూలమ్మేవాళ్ళే చెప్పేవారు. బావ పోయినప్పటినుంచి తను మాత్రం పువ్వు పెట్టుకునేది కాదు.

ఒక శ్రావణంలో వరద వచ్చి ఆ మట్టిగోడల ఇల్లు కూర్చుండిపోయింది. నేను వెళ్ళి తీసుకొచ్చాను. తీసుకొచ్చానన్న సంగతి చాలామందికి చెప్పాను. అడగనివాళ్ళకి కూడా చెప్పాను.

పడవ దిగినప్పుడు అక్క చేతిలో బట్టల మూట చిన్నది, మొక్కల మూట పెద్దది. బురదలోంచి తవ్విన మల్లె మొదళ్ళు తడి గోనెసంచిలో కట్టుకుంది. పాత రంగు డబ్బాల్లో కనకాంబరం, మరువం, లిల్లీ దుంపలు.

"ఇవన్నీ ఎందుకే అక్కా, మా ఇంట్లో చోటుండాలి కదా," అన్నాను.

"మొక్కకి చోటెంత కావాల్రా, అరచెయ్యంత," అంది. "కాస్త ఎండుంటే అదే బతుకుద్ది."

ఇంట్లో ఉత్తరం వైపు గది తనకిచ్చాను. దాని కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. వేసవిలో కూడా చల్లగా ఉండే గది అది, నేను మనస్ఫూర్తిగా మంచి గదే ఇచ్చాననుకున్నాను. మొక్కలకు పెరట్లో రేకు కింద జాగా చూపించాను. పక్కనే నీళ్ళ పంపు ఉంది, వరండాలోంచి నాకు కనిపిస్తుంటాయి. వాకిలి వైపు నా క్రోటన్లు ఉన్నాయి కాబట్టి అటు వద్దన్నాను.

అక్క ముందు నేల చూడలేదు. తలెత్తి పైకి చూసింది.

"తమ్ముడూ, పైన రేకుంది కదరా."

"ఉంటే మంచిదే కదా. ఎండ దెబ్బ తగలదు."

"ఆయ్," అంది అక్క. గునపం ఎక్కడుందని నా భార్యని అడిగింది.

ఆ తర్వాత నెలలన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. పడక్కుర్చీలోంచి అన్నీ కనిపించేవి, ఒక్కటీ చూడలేదు. మల్లె మొదళ్ళు చిగిర్చాయి. నేను సంబరపడి అందరికీ చూపించాను. ఆ చిగుళ్ళు సన్నగా, పొడుగ్గా సాగి, రేకు చివర వెలుతురు కనిపించిన వైపుకి వంగిపోయాయి. ఆకే ఆకు, మొగ్గ లేదు. మరువం మొదట్లో కుళ్ళింది. లిల్లీ గడ్డిలా పెరిగింది. కనకాంబరం ఓపికగలది, అదొక్కటే అప్పుడప్పుడు నాలుగు పూలిచ్చింది. ఎవరో ఇచ్చిన తమలపాకు తీగ మాత్రం ఉత్తరం సందులో గోడంతా అల్లుకుంది.

అక్క పొద్దున్నే డబ్బాలు ఒక్కొక్కటీ మోసుకెళ్ళి గేటు దగ్గర, వాకిటి రేకు దాటిన చోట పెట్టేది. అక్కడ కాసేపు తూర్పు ఎండ పడుతుంది. ఎండ పోయాక మళ్ళీ ఒక్కొక్కటీ మోసుకొచ్చేది. ఈ వయసులో ఎందుకీ మోత అని నేను అడగలేదు. నేనడిగింది వేరే.

"గేటు దగ్గర ఆ తుప్పు డబ్బాలేంటే అక్కా, వచ్చేవాళ్ళేమనుకుంటారు? టైల్స్ మీద మరకలు కూడా పడతన్నాయి."

మర్నాటినుంచి డబ్బాలు మోయడం మానేసింది. పొద్దున్నే తనే బయటికెళ్ళి వీధి చివర కాలవ కల్వర్టు మీద కూర్చునేది. ఎండ వీపుకి తగిలేలా, కాళ్ళు చాపుకుని. దానికీ నేనేదో అన్నాను. ఇంట్లో సోఫా ఉండగా రోడ్డు మీద కూర్చోవడం ఏమిటన్నాను. నా భార్య విని, "వదిన గారు కూచోడానికి వెళ్ళట్లేదండి," అంది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక లేదు కూడా, ఏ పనీ లేకపోయినా.

కార్తీకంలో తుఫాను గాలికి పెరటి రేకు లేచిపోయి పక్క తోటలో పడింది. చలికాలం వస్తోంది, నాకు ఎండ బాధ లేదు, మేస్త్రీకి తీరిక లేదు. అలా వదిలేశాను. మార్గశిరంలో అక్క కొడవలి పట్టుకుని మల్లెపొదల దగ్గర కూర్చుంది. సాగిన కొమ్మలన్నీ మోకాలి ఎత్తుకి కోసేసింది, ఉన్న ఆకంతా దూసేసింది, నీళ్ళు ఆపేసింది. చచ్చిన మొక్కల్లా కనిపించేవి.

"ఏంటక్కా, విసిగిపోయి చంపేస్తన్నావా?" అన్నాను.

"నీ బుర్రకి కూడా ఇలా ఓసారి చేసుంటే బాగుణ్ణురా, చిన్నప్పుడు," అంది. నా భార్య వంటింట్లోంచి పెద్దగా నవ్వింది. ఆ ఇంట్లో అక్క చేసిన మొదటి వేళాకోళం అదే అని నాకు ఇప్పుడు తోస్తోంది.

శివరాత్రి వెళ్ళేసరికి ఆ మోళ్ళు కురచ చిగుళ్ళు వేశాయి. ప్రతి చిగురు చివరా గుత్తిగా మొగ్గలు. మొదట గుప్పెడు, తర్వాత చాటలోకి వచ్చేటన్ని. సాయంత్రం అక్క వరండా మెట్టు మీద కూర్చుని కట్టేది. మాట్లాడుతూనే, మొగ్గల వైపు చూడకుండానే. నా భార్య జడకి, ఎదురింటి వాళ్ళకి, గుడికి వెళ్ళేవాళ్ళకి. వీధిలో ఆడవాళ్ళు అక్కని "పూల అత్తయ్యగారు" అనడం మొదలుపెట్టారు. రాత్రి అన్నాల దగ్గర అక్క మారడిగి తినేది. లంక కబుర్లు చెప్పేది. బావ ఒకసారి పూల గంపతో సహా ఏట్లో పడి, ఒక్క మొగ్గ పోనివ్వకుండా ఈదుకొచ్చి, చెప్పులు మాత్రం పోగొట్టుకున్న సంగతి చెప్పి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

ఇవన్నీ చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. పువ్వుకీ, రేకు లేకపోవడానికీ ఉన్న సంబంధం కూడా నాకు తెలిసింది. తెలిసే చేశాను.

ఎండ ముదిరింది. మధ్యాహ్నం వెనక గోడ కాలిపోయి, వరండాలో నా కుర్చీ నాలుగు గంటలకి కూడా పట్టుకుంటే చుర్రుమనేది. మేస్త్రీని పిలిపించాను. పాతదానికంటే పొడుగు రేకు, గోడ దాటి బయటికి వచ్చేలా. వాళ్ళు నిచ్చెన వేస్తుంటే అక్క గదిలోంచి వచ్చింది.

"ఒరే, ఈ ఒక్క వేసవి ఆగరా. మొగ్గ మీదున్నాయి."

"ఎండ లోపలికొచ్చేస్తందక్కా. పడుకోలేకపోతన్నాను."

"ముందు గదిలో పడుకోకూడదా? అక్కడ ఏసీ ఉంది కదా."

మేస్త్రీ కింద నిలబడి నా ముఖం చూస్తున్నాడు. నా ఇంట్లో నా రేకు గురించి నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందనిపించింది.

"నీకేం తెలుసే అక్కా ఎండంటే," అన్నాను.

పదహారేళ్ళప్పటినుంచి ఇసుక నేలలో వంగి పని చేసిన మనిషిని అన్నాను ఆ మాట. అన్న క్షణంలోనే తెలిసింది. నా భార్య వంటింటి గుమ్మంలోంచి, "ఏవండీ," అంది, అంతే. అక్క నా వైపు చూసి, చీర కొంగు భుజం మీద సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను అప్పుడే ఆ మాట వెనక్కి తీసుకుని ఉండొచ్చు. మేస్త్రీతో "వెయ్యండి" అన్నాను.

రేకు కింద మొగ్గలు కొన్ని విచ్చుకున్నాయి. మిగతావి అలాగే ఉండి, అడుగు నల్లబడి, ముట్టుకుంటే రాలిపోయాయి. అక్క రాలినవి ఊడ్చేసేది. ఒకరోజు, "లంకలో ఇళ్ళు లేపుతన్నారంట, ఓసారి చూసొస్తాను," అంది. డబ్బాల్లో మిగిలినవి పట్టుకెళ్ళింది. మల్లెల్ని తవ్వలేదు.

ఆటో ఎక్కించి వచ్చాక, "వారంలో వచ్చేస్తుందిలే," అన్నాను నా భార్యతో.

"వస్తానని చెప్పేరా? చూసొస్తానన్నారు," అంది ఆవిడ. "ఒక్క చీరా వదల్లేదండి గదిలో."

రాలేదు. బావ తరఫు వాళ్ళు ఎత్తు మీద కట్టుకున్న కొత్త ఇంట్లో ఒక గది ఇచ్చారని, వాళ్ళ మల్లెతోట తనే చూస్తోందని కబురు తెలిసింది. నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఇదా ఫలితం అనుకున్నాను. అక్క మొండిదని, ఎవరితోనూ ఇమడలేదని చుట్టాలతో చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే నచ్చేది కాదు, అయినా చెప్పాను. ఫోను చేయలేదు.

ఆ వేసవిలోనే నాకు నడుం నొప్పి, కాళ్ళ పీకుడు ఎక్కువయ్యాయి. మెట్లెక్కితే ఎముకలు మూలిగేవి. డాక్టరు గారు రక్తపరీక్షలు చేయించి, కాగితం చూసి, "ఏవండీ, మీరు ఎండలోకి వెళ్ళరా?" అని అడిగారు.

"జీవితమంతా ఎండలోనే ఉన్నానండి."

"ఆ ఎండ అప్పటికి సరిపోయిందండి. ఇప్పటి సంగతి అడుగుతన్నాను. బిళ్ళలు రాస్తన్నాను. రోజూ పొద్దున కాసేపు ఎండలో కూచోండి."

పక్కనున్న నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకుని చూశాను. నవ్వాపుకుంటోంది. బయటికొచ్చి ఆసుపత్రి బెంచీ మీద కూలబడి మరీ నవ్వింది. "రేకుల మేస్త్రీకి ఫోన్ చెయ్యండి," అంది, "ఓ ముక్క ఎండ వేసి పెడతాడేమో."

మర్నాడు పొద్దున కుర్చీ పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాను. వాకిట్లో లేదు. కారు దగ్గర లేదు. పెరట్లో లేదు. ఎండ కోసం వెతుక్కుంటూ చివరికి కాలవ కల్వర్టు దగ్గర తేలాను. అక్క కూర్చున్న చోటే కూర్చోవాల్సి వచ్చింది. వీపుకి ఎండ తగిలింది. దారిన పోయే ఒకాయన స్కూటరు ఆపి, "ఏంటండీ, ఇక్కడ కూచున్నారు, ఇంట్లో సోఫా లేదా?" అని నవ్వి వెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు. చాలాసేపు లేవలేకపోయాను. నొప్పి వల్ల కాదు.

ఆ వారంలో పెరటి రేకు తీయించాను. వాకిటిది సగం తీయించాను. కారుకి మాత్రం ఉంచాను. నేను పూర్తిగా మారిపోలేదని చెప్పడానికి ఈ మాట రాస్తున్నాను.

తర్వాత లంకకి వెళ్ళాను. చీకటితోనే పడవ ఎక్కి వెళ్తే మొగ్గలు కోస్తూ కనిపించింది. తలకి తువ్వాలు చుట్టుకుని, నడుముకి గుడ్డ సంచి కట్టుకుని. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"రేకు తీయించేనక్కా. వచ్చెయ్యవే," అన్నాను.

"దేనికి తీయించేవ్?"

అబద్ధం చెప్పొచ్చు. నీ కోసమే అనొచ్చు. "డాక్టరు గారు ఎండ కావాలన్నారు," అన్నాను.

"పోన్లే, నిజం చెప్పేవు," అంది. మొగ్గలు కోస్తూనే ఉంది. "నీకేవన్నా అయితే గానీ తెలియదురా నీకు. చిన్నప్పుడూ అంతే."

"ఆరోజు అన్న మాట..." అని మొదలుపెట్టాను.

"మాటలు పడకుండా బతికేనేంట్రా నేను. మా అత్తగారి ముందు నీ నోరెంత." కాసేపటికి మళ్ళీ అంది. "ఆ మాటకి వచ్చెయ్యలేదు నేను. ఆ గదిలో నాకు తెల్లారినట్టు తెలిసేది కాదు. నువ్వు బాగానే చూసేవు. మరదలైతే సొంత చెల్లెలు చూసినట్టు చూసింది. కానీ పొద్దున లేచి కూచుంటే అది పొద్దునో సాయంత్రమో తెలిసేది కాదురా."

కాసేపు నేనూ మొగ్గలు కోశాను. తొడిమ లేకుండా తెంపుతున్నానని రెండుసార్లు తిట్టింది.

పడవ వేళకి, పెరట్లో ఇప్పుడు ఏ మొక్కలు వెయ్యమంటావని అడిగాను. మాట్లాడ్డానికి వేరే ఏదీ దొరక్క అడిగాను. అక్క తిరిగి నన్నే అడిగింది. "పంపు దగ్గర పొద్దున ఎండ పడతదా, మధ్యాహ్నం పడతదా?"

తెలియదన్నాను.

"గోడవారన?"

తెలియదన్నాను.

"ఇల్లు కట్టించుకున్నావు, రేకులేయించుకున్నావు, ఎండెక్కడ పడతదో చూసుకోలేదా? ఒకరోజంతా కూచుని చూడరా. పొద్దున, మిట్ట మధ్యాహ్నం, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ, నీడ అంచు ఎక్కడుంటే అక్కడ ముగ్గు పోసి గీత గియ్యి. ఇప్పుడొకటి. మళ్ళీ చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగేక ఇంకోటి. రెండు గీతలూ చూసుకున్నాక మొక్క కొనుక్కో. రంగు చూసి కొంటావు నువ్వు, చొక్కా కొన్నట్టు."

ఇంటికొచ్చి చెప్పినట్టే చేశాను. నా భార్య ముగ్గు డబ్బా నా చేతికిస్తూ, "సంక్రాంతి నెల పట్టకుండానే మీ చేత ముగ్గేయిస్తన్నారు మా వదిన గారు," అంది. తువ్వాలు తల మీద వేసుకుని, గొడుగు పట్టుకుని, రోజంతా ఇంటి చుట్టూ తిరిగాను. ట్యాంకరు నీడ నిమిషానికెంత జరుగుతుందో తెలిసిన మనిషిని, నా గోడ నీడ ఎటు జరుగుతుందో చూసి ఆశ్చర్యపోయాను. వానలకి ముగ్గు పోతుందని ఆ గీతల వెంట ఇటుక ముక్కలు పాతాను. ఆ ఏడు ఏరు లంక మీదికి రాలేదు. మార్గశిరంలో పెరటి మల్లెల కొమ్మలు నేనే కోశాను. పుష్యంలో రెండో వరస ఇటుకలు పాతాను. దక్షిణపు గోడ నీడ, వేసవిలో గోడ మొదట్లోనే ఉండేది, చలికాలం వచ్చేసరికి పంపు దాకా సాగింది. కంటితో చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు.

ఆ రెండుసార్లూ కూడా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఉత్తరపు గది కిటికీ దాకా ఎండ రాలేదు. అక్కడ పాతడానికి ఒక్క ఇటుక కూడా అవసరం పడలేదు.

తూర్పు గది మాది. మా మంచం, బీరువా ఉత్తరపు గదిలోకి మార్పించి, అక్క మంచం తూర్పు గదిలో వేయించాం. మరీ చెప్పాలంటే నా భార్యే ముందు అంది. "మనం పడుకుంటాం అంతే కదండీ, పడుకున్నవాళ్ళకి ఎండెందుకు?" అని. నా చేత గోడలకి సున్నం కూడా వేయించింది.

చైత్రంలో అక్క కంటి పరీక్షకి అమలాపురం వస్తే, నా భార్య ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి తీసుకొచ్చింది. అక్క లోపలికి రాకుండానే పెరట్లోకి వెళ్ళింది. ఇటుకల వరసల వెంట మెల్లగా నడిచింది. దక్షిణపు గోడవారన మల్లె వేద్దామనుకుంటున్నానని చెప్పాను.

"ఇక్కడొద్దు. ఏడాదిలో సగం నీడే ఇక్కడ. ఈ రెండు వరసల మధ్యన కనకాంబరం పెట్టు, దానికి సగం ఎండ చాలు. మల్లెకి రెండో వరస దాటిన చోటే. క్రోటన్లు వాకిట్లో రేకు తీసిన వైపుకి జరుపు, మళ్ళీ రంగొస్తది." ఉత్తరం సందులోకి తొంగి చూసింది. "అక్కడ తమలపాకు చాలు. దాన్ని కదపకు, బాగుంది."

పెరటి మల్లెలు అప్పటికే మొగ్గ మీద ఉన్నాయి. నా కోత ఎగుడుదిగుడుగా ఉందని నవ్వింది. పొట్లంలోంచి మరువం నారు తీసి పంపు పక్కన నాటింది. నేను నీళ్ళు పోశాను.

తర్వాత తూర్పు గది చూపించాను. కిటికీ ముందు కాసేపు నిలబడింది. కిటికీ చువ్వల మీద చెయ్యి వేసి, "బాగుందిరా," అంది. నా భార్య మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంచింది. అక్క దాన్ని చేత్తో సవరించింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. అడగాలంటే భయం వేసింది.

"ఉండిపోవచ్చు కదక్కా."

"నాలుగింటి పడవకి వెళ్ళాల్రా."

"రేపు వెళ్ళొచ్చు."

"తెల్లారితే కోత. కొయ్యకపోతే చెట్టు మీదే విచ్చిపోతాయి. ఇప్పుడు అక్కడ నావి కూడా ఉన్నాయిరా, ఓ రెండు వరసలు." అలవాటుగా కొంగు సర్దుకుంది. "కోపం కాదు. కోపమైతే వచ్చేదాన్నే కాదు. నా మొక్కలక్కడ ఎండలో ఉన్నాయి. నీళ్ళు పొయ్యాలి కదా."

"మరి ఈ గది?"

"ఏరు పొంగితే ఎలాగూ రావాలి కదరా. అప్పుడు పడుకుంటాలే," అంది.

ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి, "ఆ మరువానికి నీడ కోసం కొబ్బరి మట్ట గుచ్చు, వేరు పట్టేదాకా. తర్వాత తీసెయ్యి. తీసెయ్యడం మర్చిపోకు," అంది నా భార్యతో. నాతో చెప్పలేదు.

వేరు పట్టాక మట్ట నేనే తీశాను. ఆ మధ్యాహ్నం మొక్క తల వాల్చేసింది. మట్ట మళ్ళీ గుచ్చుదామని చెయ్యి వెళ్ళింది. నా భార్య చూస్తోంది, అందుకని గుచ్చలేదు. మర్నాటికి అది కోలుకుంది.

తూర్పు గది తలుపు తీసే ఉంటుంది. పొద్దున్నే ఎండ మంచం మీద పడి, దుప్పటి కాస్త వెలిసింది. ఇప్పుడు ఆషాఢం వెళ్తోంది. ఎగువన వానలు పడుతున్నాయని అంటున్నారు. టీవీలో గోదావరి నీటిమట్టం చెప్పేటప్పుడు గొంతు పెంచమంటున్నాను. వరదంటే అక్కకి ఏమిటో నాకు తెలుసు. ఇల్లు పోయింది దానివల్లే. ఇప్పుడున్న ఆ రెండు వరసల మల్లెలు కూడా ఏరు పొంగితే ఉండవు. అన్నీ తెలిసి కూడా, నీరు ఇంకా పెరుగుతోందని చెప్పినప్పుడు నాలో ఏదో మూల ఆశ కదులుతుంది. నా భార్య రిమోటు తీసుకుని టీవీ కట్టేస్తుంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళి, మొగ్గలుంటే కోస్తాను. కట్టడం నాకు రాదు.